సవరణ: పిల్లి కంటికి మన చుక్కల మందు వేయొద్దు

పిల్లి కళ్లు నెలల తరబడి కారుతుంటే ఏం చేయాలో అమలాపురం, భీమవరం వైపు పిల్లుల్ని పెంచుకునేవాళ్ల కోసం రాసిన పోస్టులో, "ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు నాలుగు రోజులు వేసి చూడండి" అన్నాను. అది తప్పు. ఆ వాక్యం తీసేశాను.

ఇళ్లలో మిగిలే చుక్కల్లో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. పిల్లుల్లో మళ్లీ మళ్లీ వచ్చే కంటి జబ్బుకు ఒక ముఖ్య కారణం ఫెలైన్ హెర్పిస్ వైరస్. ఒకసారి సోకితే అది ఒంట్లోనే దాక్కుంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా ఆ టెన్షన్‌కి మళ్లీ లేస్తుంది. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద పుండు కూడా చేస్తుంది. అలాంటి పుండు మీద స్టెరాయిడ్ పడితే అది లోతుకు దిగి కన్నే పోవచ్చు. పైకి మాత్రం ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, భయం అక్కడే. పశువైద్యులు చెప్పేదీ, జంతువుల కంటి వైద్యం పుస్తకాల్లో ఉన్నదీ ఇదే.

అందుకే డాక్టరు ముందుగా ఫ్లోరెసిన్ రంగు వేసి చూస్తారు. పుండు ఉంటే నీలి వెలుగులో ఆకుపచ్చగా కనబడుతుంది. హెర్పిస్‌కి ఫామ్‌సైక్లోవిర్ అనే వైరస్ మందు రాయొచ్చు. కారణం క్లమిడియా అనే బ్యాక్టీరియా అయితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సుమారు 4 వారాలు వాడాలి, కన్ను తేటపడిందని మధ్యలో ఆపకూడదు. ఆ మాత్ర వేశాక తప్పకుండా కాసిని నీళ్లు పట్టించండి, గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండవుతుంది.

హెర్పిస్ ఉన్న పిల్లులకు కొందరు ఇచ్చే లైసిన్ పొడి గురించి అడిగారు. అది పనిచేస్తుందనడానికి సరైన ఆధారం లేదు.

పిల్లి కన్ను తెరవలేకపోతే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పటిదాకా కాచి చల్లార్చిన నీళ్లతో, దూదితో పుసి తుడవడం వరకే.