బోర్డు ఒకటే, బతుకులు వేరు

యంత్రాల లోపల పెట్టే కంప్యూటర్ బోర్డులు తయారుచేసే ఒక కంపెనీ గురించి మీరు వేసిన వ్యాసంలో, ఒకే బోర్డు తయారు చేసి సాఫ్ట్‌వేర్ మారిస్తే రైలుకీ, ఆసుపత్రికీ, ఫ్యాక్టరీకీ సరిపోతుందని రాశారు. వినడానికి బాగుంది కానీ పనిలో అలా కుదరదండీ. ఇలాంటి బోర్డులు టెస్ట్ చేసే పనిలో చాలాకాలం ఉన్నాను.

మామూలు చిప్‌లకు సాధారణంగా 0 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకే హామీ. ఇండస్ట్రియల్ రకానివి మైనస్ 40 నుంచి 85 దాకా తట్టుకుంటాయి. వేడి సంగతి సరే, అసలు పరీక్ష వైబ్రేషన్ టేబుల్ మీదే. ఒకసారి మా బోర్డును బిగించి ఊపితే ప్రాసెసర్ భేషుగ్గా ఉంది, మెమరీ కార్డు మాత్రం సాకెట్‌లోంచి వెంట్రుకవాసి పైకి లేచింది. అంతే, సిస్టమ్ హ్యాంగ్. మేమేమో రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చున్నాం! చివరికి మెమరీని నేరుగా బోర్డుకే సోల్డర్ చేయించాం.

వ్యాసంలో వాచ్‌డాగ్ టైమర్ ఊసే లేదేంటి? ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కుపోయి, సమయానికి 'నేను బాగానే ఉన్నా' అని సంకేతం ఇవ్వకపోతే సిస్టమ్‌ను రీసెట్ చేసేది అదే. 1997లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ పదేపదే రీసెట్ అయింది కూడా ఇలాంటి నిఘా వల్లే. తక్కువ ప్రాధాన్యమున్న పని ఒకటి ముఖ్యమైన పనికి అడ్డుపడిందని ఇంజనీర్లు పట్టుకుని, భూమి నుంచే సరిచేశారు.

ఇక కార్లకు ఐఎస్ఓ 26262, వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు ఐఈసీ 62304 అని ఒక్కో రంగానికి ఒక్కో అంతర్జాతీయ ప్రమాణం, ఆ కాగితాల పని వేరే టెన్షన్. ఆ కంపెనీ తన బోర్డులకు విడిభాగాలు ఎన్నేళ్లు సరఫరా చేస్తానంటోందో అడిగి రాసి ఉంటే బాగుండేది.