ఇంకా మా ఇంటికి విచ్చేయని బ్యాటరీ గారికి

మహారాజశ్రీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ గారి దివ్యసముఖమునకు, విశాఖపట్నం నుండి మూడు కిలోవాట్ల సోలార్ ఆసామి నమస్కరించి వ్రాయు విన్నపము. ఇక్కడ మేము క్షేమమని వ్రాయవలసి ఉన్నది కానీ, మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు పోయినందున ఆ మాటను ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నాను.

ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ నా ఖాతాలో పడిన రోజున, ఇకమీదట సూర్యుడు మా ఇంటి మనిషేనని బంధువులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను. ఎండ బాగా కాసిన రోజున పన్నెండు యూనిట్ల దాకా పండుతున్నవి, బిల్లు తగ్గినది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే మొదటి వేసవిలోనే ఒక మధ్యాహ్నం, నడినెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతుండగా, వీధిలో లైను పోయి మా ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. లైను చచ్చిందని పసిగట్టగానే, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టరు కూడా తనంతట తానే ఆగిపోవాలట. లేకపోతే మా డాబా మీది కరెంటు తీగల్లోకి ఎదురు పారి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుందట. న్యాయమే. ఆ న్యాయాన్ని నేను డబ్బు కట్టకముందు ఒక్కరూ చెప్పకపోవడమే నా బాధ. అప్పుడు ఎదురింటాయన గుమ్మంలో నిలబడి, "రండి మాస్టారూ, మా ఫ్యాను కింద కాసేపు కూర్చోండి" అని పిలిచారు. వెళ్లి కూర్చున్నాను, మజ్జిగ కూడా పుచ్చుకున్నాను. సూర్యుడితో చుట్టరికం కలుపుకున్నవాడు పాత బ్యాటరీ పంచన చేరడం కంటే చిన్నతనం ఇంకొకటి ఉంటుందా?

ఆ పాత బ్యాటరీ మీ వంశంలో పెద్దవారు, లెడ్ యాసిడ్ గారు. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు, అంటే లెక్కకు 1.8 యూనిట్లు, అందులో సగానికి మించి తోడితే వారి ఆయుష్షు తరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిచిపోతే అలుగుతారు, టెర్మినళ్ల మీద బూజు పట్టించుకుంటారు. తమరు అటువంటి వారు కారు. నీళ్లడగరు, గోడకు పటంలా వేలాడతారు, 5 యూనిట్ల నిల్వలో నాలుగింటికి పైగా నిశ్చింతగా తోడుకోనిస్తారు, ఆరు వేల సార్లు నిండి ఖాళీ అయినా చెక్కుచెదరరని మీ కరపత్రం ఘోషిస్తున్నది. ఇంతటి గుణవంతులు కనుకనే కాబోలు, మీ తరఫువారు లక్షకు పైబడిన కట్నం అడుగుతున్నారు. ఈ శుభకార్యానికి సూర్యఘర్ వారి చదివింపులేమీ లేవు; ఆ సబ్సిడీ ప్యానెళ్లకే గానీ తమకు వర్తించదు.

కట్నంతో పోతుందా? మా ఇన్వర్టరు ప్యానెళ్లనూ బ్యాటరీనీ కలిపి నడిపే హైబ్రిడ్ రకం కాదు గనుక తమతో కాపురం చేయలేదట. దానిని సాగనంపి కొత్తది తేవాలి, లేదా తమకు మరో ఇన్వర్టరుతో వేరు కాపురం పెట్టించాలి. ఆ రెండో పద్ధతిలో, లైను లేని వేళ తమకు కడుపు నిండగానే కరెంటు ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ నుంచి కాస్త పైకి జరిపి, "ఇక చాలు" అని సోలార్ ఇన్వర్టరుకు సైగ చేస్తారట. మా ఇంట్లో విస్తరి ముందు ఏ అల్లుడూ ఇంత మర్యాదగా చేయి అడ్డం పెట్టలేదు. తమ పోషణలో ఉండవలసిన స్విచ్చులకు వేరే డబ్బా, వేరే వైరింగు కూడా కావాలి. ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, లైట్లు, వైఫై అని నేను జాబితా వ్రాస్తే, మా అబ్బాయి దాని కింద ఏసీ అని చేర్చాడు. గంటకు యూనిట్టున్నర తాగే ఆ ఏసీని తమకు అప్పగిస్తే మూడు గంటల్లో ఇల్లంతా మళ్లీ మజ్జిగకు బయలుదేరవలసిందే.

ఇంతకూ, తమరిని అమ్మవచ్చినాయన "ఐదేళ్లలో మీ డబ్బు మీకు వచ్చేస్తుంది" అన్నారు. పగలు నేను లైనుకు పంపిన యూనిట్టును నెట్ మీటరు లెక్క కట్టి, రాత్రి వాడిన యూనిట్టుకు చెల్లు వేస్తున్నది. అదే యూనిట్టు తమ కడుపులో పడి బయటకు వచ్చేసరికి పదోవంతు దాకా హారతి కర్పూరమవుతుంది. పగటి యూనిట్టుకు తక్కువ ధర కట్టి రాత్రి యూనిట్టుకు ఎక్కువ వసూలు చేసే చోట్ల తమ జాతకం వేరు కావచ్చు గానీ, మా మీటరు కింద తమరు సంపాదనపరులు కారు, ఖర్చు. ఆ మాట ఒప్పుకుంటే తమకేమీ చిన్నతనం కాదు. మా ఫ్రిజ్ ఎన్నేళ్లలో డబ్బు తిరిగి ఇస్తుందని దానిని ఎవరం అడిగాము?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడి స్తంభాలను నేలకూల్చినప్పుడు, కొవ్వొత్తి వెలుగులో అన్నం తిన్న రాత్రులకు నేను ఏ రేటు కట్టను? అటువంటి గాలికి డాబా మీద ప్యానెళ్లు మిగులుతాయా అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు కరపత్రంలో సమాధానం లేదు. అయినా మెట్ల కింద చెప్పుల స్టాండు తీయించి, తమ కోసం గోడకు రెండు బోల్టులు బిగించింది కూడా ఆవిడే. తమరు వచ్చేవరకు వాటికి గొడుగులు తగిలిస్తున్నాము.

ఇట్లు,
ఎదురింటి ఫ్యాను కింద నుండి,
తమ రాక కోసం నిరీక్షించు మాస్టారు