సవరణ: సెల్టోస్ నాలుగు మీటర్ల లోపు కారు కాదు

మొన్న కియా గురించి రాసిన పోస్టులో, పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి కారు సెల్టోస్ నాలుగు మీటర్ల లోపే ఉంటుందని, అందుకే పన్ను తక్కువని రాశాను. తప్పు. నాలుగు మీటర్ల లోపు ఉండేది దాని తమ్ముడు సోనెట్.

2018 ఆటో ఎక్స్‌పోలో ఎస్పీ కాన్సెప్ట్‌గా చూపించిన బండే సెల్టోస్ అయి 2019 ఆగస్టు 22న మార్కెట్లోకి వచ్చింది. అప్పటి పొడవు 4315 మిల్లీమీటర్లు. సోనెట్ ఏడాది తర్వాత, 2020 సెప్టెంబరు 18న వచ్చింది. పొడవు 3995. గీత దాటకుండా ఐదు మిల్లీమీటర్లు మిగిల్చారు, అంతే!

నాకు కాగితం మీద నమ్మకం కుదరక పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో టేపు పట్టాను. మా బావ సోనెట్ పిల్లర్ల మధ్య హాయిగా పట్టింది. పక్కింటివాళ్ల సెల్టోస్ బంపర్ మాత్రం తెల్లగీత దాటి జానెడు బయటికొచ్చింది. వాచ్‌మన్ నన్ను అనుమానంగా చూశాడు, అది వేరే కథ.

పన్ను తగ్గాలంటే పొడవొక్కటే చాలదు కూడా. పెట్రోల్ ఇంజను 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ మించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ లెక్కలో ఇమిడితే జీఎస్టీ 18 శాతం, లేదంటే 40. మారుతి బ్రెజా పొట్టిదే అయినా 1.5 లీటర్ పెట్రోల్ కావడంతో 40లోకే పోతుంది.

ఇంకొకటి: పెనుకొండ ఇప్పుడు అనంతపురం కాదు, శ్రీ సత్యసాయి జిల్లా. పాత పోస్టులో రెండూ దిద్దేశాను.