మా ఊరి మూడు రోడ్ల జంక్షనుకు ఒక విన్నపం

మహారాజశ్రీ జంక్షన్ గారికి,

ఉభయకుశలోపరి. తమరి క్షేమం రోజూ కళ్లారా చూస్తూనే ఉన్నాను. నా క్షేమం సంగతి రోడ్డు దాటాక రాస్తాను.

మా ఊళ్లోంచి వచ్చే చిన్న రోడ్డు చెరువుగట్టు దిగి, జీడితోట పక్కనుంచి బుద్ధిగా నడిచొచ్చి, తమరి దగ్గర రాజాం రోడ్డుకి తగిలి ఆగిపోతుంది. ఇల్లరికం వెళ్లిన అల్లుడే. ఆ తరవాత దానికి పేరుండదు. మా ఊరికి మాత్రం ఉందా? కండక్టరు "జంక్షనోళ్లు దిగండర్రా" అంటాడే గానీ, ఊరి పేరు పలికి ఎన్నేళ్లయిందో!

తమరి వంశమే అంత లెండి. ఆకుపచ్చ తల స్టేట్ హైవే మైలురాళ్లతో మా మీద దర్జా వెలగబెట్టే ఆ రాజాం రోడ్డు, చిలకపాలెంలో పసుపు తల రాళ్ల 16వ నంబరు నేషనల్ హైవే కనబడగానే చేతులు కట్టుకుంటుంది. కాగితాల మీద దాని పేరు చిలకపాలెం–రామభద్రపురం–రాయగడ రోడ్డు గనక ఆఫీసు వారికి అక్కడ మొదలు. బస్సు దిగే మాకు అక్కడ ఆఖరు.

విజయనగరం వైపు తమరి పెద్ద చుట్టానిది ఇంకా జాలి కథ. ఒడిశాలో బర్గఢ్ దగ్గర బయల్దేరిన 26వ నంబరు రోడ్డు, కోరాపుట్ కొండలెక్కి, ఘాట్ దిగి, సాలూరు, విజయనగరం దాటి, ఇంకాస్త వెళ్తే సముద్రమే అనగా నాతవలసలో ఆ 16కే తగిలి అయిపోతుంది. మా వైపు దానికి 43 అని ఓ పాత పేరుండేది, 2010లో నంబర్లు మార్చి అదీ ఊడబీకారు. (దాన్ని మింగిన 16 కూడా ఒకప్పుడు 5. మా మావయ్య ఇప్పటికీ 'ఫైవు' అనే అంటాడు.)

సరే, అసలు సంగతికొస్తాను. నాలుగు రోడ్లు కలిసే చోట బళ్లు ఒకదానికొకటి ఎదురుపడే బిందువులు 32, మూడు రోడ్ల దగ్గరైతే 9 అని ఇంజనీర్ల లెక్క. తొమ్మిదే కదా అని మురిసిపోయాను. తీరా చూస్తే అవి నవగ్రహాలు. ఎదురుదారిన వచ్చే మోటారుసైకిళ్లు రాహుకేతువులు, ఎప్పుడూ వక్రమే. సరిగ్గా రోడ్డు మూతి దగ్గర ఆగి జనాన్ని ఎక్కించుకునే ఆటో శని. ఏలినాటి శనికి ఏడున్నరేళ్లు గడువైనా ఉంది, ఇతను సీట్లు నిండితేనే కదులుతాడు.

పెద్ద రోడ్డెక్కేవాడు, ఆ రోడ్డు మీద వస్తున్నవాడికి దారివ్వాలని చట్టం. మావాళ్లకి దారివ్వడమంటే కట్నమిచ్చినంత బాధ. ఎర్రటి ఎనిమిది మూలల 'ఆగు' పలక ఒకటి ఉండేది తమరి దగ్గర. ఇప్పుడది ట్యూషన్ సెంటరు బ్యానరుకి ఒక కొసన ఆసరా.

మా రోడ్డుకి సూటిగా ఎదురున్న టీ కొట్టాయన మాత్రం భద్రతా చర్యలు తీసుకున్నాడు. వీధిపోటని సిద్ధాంతి చెప్తే బూడిద గుమ్మడికాయ కట్టి, గోడలో చిన్న వినాయకుణ్ణి పెట్టించాడు. బ్రేకులు పడని ఇసుక ట్రాక్టరు వాస్తు చదువుకుందో లేదో మరి. ఎందుకైనా మంచిదని నేనూ ఆ వినాయకుడికి దణ్ణం పెట్టుకునే దాటుతున్నాను.

ఇక తమరి నడిబొడ్డున వెలిసిన విగ్రహం. ఆయన ఎవరన్నది వద్దు, తగువులొస్తాయి. మూడు వైపులా రోడ్లుంటే, ఆయన వేలు రోడ్డు లేని నాలుగో వైపు చూపిస్తోంది, చెరకు తోటలోకి! మొన్నొక కొత్త లారీ డ్రైవరు దిగి, ఆ వేలు వంకే చాలాసేపు చూసి, "ఇటు రోడ్డెప్పుడు పడుద్దేటి?" అని నన్నడిగాడు.

ఉంటాను మరి, బస్సు హారను వినబడుతోంది. అది తమరి దగ్గర ఆగదు, ముందుకెళ్లి చింతచెట్టు కింద ఆగుద్ది. పరిగెత్తాలి.

ఇట్లు,
ఇంకా ఇవతలే నిలబడ్డ ఒక జంక్షనోడు