నెత్తిన పెట్టుకున్న పాపానికి

మహారాజశ్రీ వీఆర్ హెడ్‌సెట్ గారికి,

మేమిక్కడ క్షేమం. మా మెడల గురించి మాత్రం అడక్కండి.

అల్లుడిని నెత్తిన పెట్టుకున్నవాళ్ళని చూశాను. అరకిలో పెట్టెని నిజంగానే నెత్తిన కట్టుకుని, కళ్ళ ముందు మీరు చూపే ఉత్తుత్తి లోకంలో ఆఫీసు పని చేస్తానని మాత్రం అనుకోలేదు. మీ వంశం సంగతి తెలిసీ ఒప్పుకున్నాను, తప్పు నాదే. 1968లో ఐవాన్ సదర్లాండ్ మీ తాతగారిని తయారుచేసినప్పుడు, బరువు మెడ మీద పడకుండా పైకప్పుకి వేలాడదీశారు. ఆ మర్యాద మీ కాలానికి పోయింది.

మేం చేస్తున్నది గోల్కొండ కోట వీడియో గేమ్. కింద దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలా హిసార్‌లో వినిపిస్తాయి కదా, ఆ చప్పుడు పట్టుకుని ఆటగాడు దారి వెతుక్కోవాలి. ఇద్దరం గచ్చిబౌలిలో, ఒక తమ్ముడు విశాఖలో, సౌండ్ చూసే అక్క డాలస్‌లో. "నలుగురూ కోట లోపలే నిలబడి కోట కట్టండి" అని మా మేనేజర్ మిమ్మల్ని తెచ్చాడు. అసలు గోల్కొండకి ఇక్కణ్ణుంచి బస్సుంది కదా అని మీటింగులో అన్నాను. అప్పట్నుంచీ మినిట్స్ రాసే పని నాదే.

మీలో మినిట్స్ రాయడమంటే గాల్లో తేలే కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్నీ లేజర్‌తో పొడవడం. "మెట్టు ఎత్తు తగ్గించాలి" అని రాసేలోపు మావాళ్ళు ఆ మెట్టు కూల్చి, మళ్ళీ కట్టి, నేను పొరపాటున అన్‌డూ నొక్కినందుకు తిట్టి కూడా అయిపోయింది.

ఆ మెట్ల విషయంలో మాత్రం మీకు రుణపడ్డాను. మూడు వారాలు మానిటర్ మీద చూసి అందరం భేష్ అన్న మెట్లు, మీలోకి దిగి ఎదురుగా నిలబడితే నడుము దాకా వచ్చాయి. కుతుబ్ షాహీల ఏనుగులు కూడా ఎక్కలేవు. తెర మీద ఎవరి మోకాలికీ తెలియలేదు మరి.

సరిచేద్దామని విశాఖ తమ్ముడు త్రివిక్రముడంత పెరిగి, కోటని బొమ్మల కొలువులా ముందు పెట్టుకున్నాడు. నేను కింద మామూలు సైజులోనే ఉన్న సంగతి మరిచిపోయి, దర్వాజాని రెండు వేళ్ళతో ఎత్తి నా మీద పెట్టాడు. బలి చక్రవర్తిని వామనుడు కనీసం అడిగాడు.

ఇంతలో అక్క బొమ్మ నడుము కింద ఏమీ లేకుండా తేలుతూ వచ్చింది. కంగారులో కాలూ చెయ్యీ ఆడటం లేదంటాం, మీ దగ్గర కాళ్ళే లేవు. 2022 అక్టోబరులో మెటా అధిపతి జుకర్‌బర్గ్ తన బొమ్మకి కాళ్ళొచ్చాయని గెంతి మరీ చూపించాడు. ఆ గెంతులు మోషన్ క్యాప్చర్‌తో, అంటే మనిషి కదలికల్ని ముందే రికార్డు చేసి, చేసిన యానిమేషన్ అని తర్వాత తేలింది. కాళ్ళకి కూడా డూపే.

ఇంటి నుంచి పనిచేసే రోజు ఇంకో కథ. మీరు నేల మీద గీసే నీలం గీత లక్ష్మణరేఖే, కాకపోతే దాటితే రావణుడు రాడు, బీరువా వస్తుంది. నేను గాల్లో ఇటుకలు పేరుస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి "ఒరేయ్, ఎవరితోరా?" అంది. కోట కడుతున్నానన్నాను. సాయంత్రం ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది.

ఇక కూర్చునే చేతిలోని కంట్రోలర్ స్టిక్ తిప్పి కోటలో నడిస్తే, కళ్ళు నడుస్తున్నామంటాయి, చెవి లోపలి తూకం కూర్చున్నామంటుంది, తీర్పు కడుపు చెబుతుంది. క్యాంటీన్ ఉప్మా సాక్షి.

ఇట్లు,
ముక్కు మీద మీ ముద్ర పడ్డ
లెవెల్ డిజైనర్

తా.క.: రాత్రి ఎనిమిదిన్నరకి అక్క లేచే వేళ చూసి మళ్ళీ కోటలో మీటింగ్ పెట్టారు. మీలో 11 శాతమే ఛార్జింగ్ ఉంది. కేబుల్ ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పను.