సీటు వచ్చింది, కీబోర్డు చేతికి రాలేదు

కంప్యూటర్ సైన్స్‌లో అమ్మాయిలు ఎందుకు వెనకబడుతున్నారన్న చర్చ అమెరికాలో అంతా సీట్ల చుట్టూ తిరుగుతుంది. అక్కడ కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పుచ్చుకున్నవారిలో అమ్మాయిలు 1984లో దాదాపు 37 శాతం ఉంటే, పాతికేళ్లకు 18 శాతానికి పడిపోయారు. మన దగ్గర ఐఐటీలు 2018లో అమ్మాయిల కోసం అదనపు సీట్లు తెరవాల్సి వచ్చింది గానీ, మామూలు ఇంజనీరింగ్ కాలేజీ సీఎస్‌ఈ సెక్షన్‌లో వాళ్ల బెంచీలు నిండుగానే ఉంటాయి. మన చిక్కు ల్యాబ్‌లో ఉంది. ఒక సిస్టమ్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చున్నప్పుడు కీబోర్డు ఎవరి చేతిలో ఉంది, ల్యాబ్ రికార్డు ఎవరు రాస్తున్నారు? చేతిరాత బాగుందని రికార్డు పని అమ్మాయికి అప్పగిస్తే, ఆమె చేత్తో ప్రోగ్రామ్ చేయని ఆ లోటు వైవాలో బయటపడుతుంది.

ఇది తెలివికి సంబంధించింది కాదు. ఇంటర్ ఎంపీసీలో కంప్యూటర్ సబ్జెక్టే లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడు, నెట్ సెంటర్‌లో గంటలు గడిపినవాడు ముందుంటాడు. మొదటి వారంలో సి భాషలో విలువలు తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్సండ్ (&) గుర్తు మరిచిపోయి ప్రోగ్రామ్ కుప్పకూలిన పిల్లకు, పక్కవాడు అర నిమిషంలో సరిచేస్తే తనకిది రాదనిపిస్తుంది. వాడికి ఆ తప్పు రెండేళ్ల కిందటే అయిపోయిందని ఆమెకు ఎవరూ చెప్పరు.

కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీ పట్టుకున్నది ఈ కీలకాన్నే. తొలి కోర్సును రెండు సెక్షన్లు చేసింది: అనుభవం లేనివాళ్లకు గోల్డ్, ఉన్నవాళ్లకు బ్లాక్. నేర్పే ప్రోగ్రామింగ్ భాషగా జావా తీసేసి పైథాన్ పెట్టింది. తరువాతి కోర్సులో అందరినీ కలిపేసింది. క్లాసులో ప్రతిదానికీ తానే జవాబిచ్చే విద్యార్థిని అధ్యాపకులు పక్కకు పిలిచి, ఆ ముచ్చట్లు తమతో విడిగా చెప్పమన్నారు. 2006లో కంప్యూటర్ సైన్స్‌ను ప్రధాన సబ్జెక్టుగా తీసుకున్నవారిలో పదో వంతు ఉన్న అమ్మాయిలు కొన్నేళ్లలోనే 40 శాతానికి చేరారు. వేసవి పరిశోధనలు, మహిళల టెక్ సదస్సుకు ప్రయాణాలు కూడా తోడయ్యాయి కాబట్టి ఘనతంతా సెక్షన్లకే కట్టబెట్టలేం.

మన ల్యాబ్‌లు ఎలాగూ రెండు బ్యాచ్‌లే, కానీ రోల్ నంబర్ల ప్రకారం. అనుభవాన్ని బట్టి విడదీయడానికి పైసా ఖర్చు లేదు. ‘ప్రోగ్రామింగ్ వచ్చా?’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకు కొంచెం వచ్చిన అబ్బాయి అవునంటాడు, బాగా వచ్చిన అమ్మాయి కాదంటుంది. లూప్ రాశావా, ఫంక్షన్ రాశావా, ఎన్ని ప్రోగ్రాములు సొంతంగా నడిపావు అని అడగాలి. పరీక్ష మాత్రం రెండు బ్యాచ్‌లకూ ఒకటే ఉండాలి, లేకపోతే ఒక బ్యాచ్‌కు ‘డల్ బ్యాచ్’ అన్న ముద్ర పడుతుంది.

జంటలు కట్టేటప్పుడు వచ్చినవాణ్ని రానివారి పక్కన కూర్చోబెట్టడం మంచి ఉద్దేశమే, ఫలితమే తలకిందులు. సమానమైనవాళ్లను కలపాలి. పదిహేను నిమిషాలకోసారి కీబోర్డు మారాలి. మారమని ఇన్‌స్ట్రక్టర్ గట్టిగా చెప్పాలి, వాళ్లకే వదిలేస్తే మారదు. రికార్డు ఎవరిది వాళ్లే రాయాలి.

ఇక హాస్టల్ గేటు. ల్యాబ్ రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచి, అమ్మాయిల హాస్టల్ ఆరున్నరకే మూస్తే ఆ రెండున్నర గంటలూ అబ్బాయిలకే. గేటు సమయం మార్చడం కుదరదంటే, కనీసం అరడజను సిస్టమ్‌లు ఆ హాస్టల్లోనే పెట్టాలి, ల్యాబ్‌లో ఉన్న సాఫ్ట్‌వేరే వాటిలోనూ వేసి.