ఆయన వివరించారు, ఆవిడ వాదించింది

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం హాల్లో జరిగిన స్కూల్ బోర్డ్ (స్థానిక బడుల్ని నడిపే ఎన్నికైన మండలి) అభ్యర్థుల ఫోరం సజావుగానే జరిగిందని వచ్చినవాళ్ళంతా అన్నారు. అభ్యర్థులిద్దరూ మనవాళ్ళే, ఒకరు డాక్టరుగారు, ఇంకొకరు ఒకావిడ. జ్యోతి వెలిగించడం, శాలువాలు, ఫొటోలు, అన్నీ మామూలే. ఒక్కో జవాబుకి 90 సెకన్లు, ముందు ఎవరు మాట్లాడాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చారు. వెనక వరసల్లో హెడ్‌సెట్లు పెట్టుకున్న పెద్దవాళ్ళకి ఇంగ్లిష్ మాటల్ని అప్పటికప్పుడు తెలుగులో చెప్పే పని నాది.

అయిపోయాక హెడ్‌సెట్ నా చేతికిస్తూ ఒక పెద్దావిడ, "ఏం బాబూ, ఆ అమ్మాయి అంత గొడవ మనిషా? చూడ్డానికి నెమ్మదిగానే ఉందే!" అన్నారు.

ఆ అభ్యర్థి గొడవపడలేదు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. మరి పెద్దావిడ విన్నది ఎవర్ని? నన్ను.

ఇంటికెళ్ళి రికార్డింగ్ పెట్టుకుని విన్నాను. కొత్త భవనాలకి బాండ్ల మీద అప్పు తేవాలా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. డాక్టరుగారు స్కూల్ జిల్లా చెప్పిన అంకెతో ఏకీభవించనన్నారు. నేను "వారి అభిప్రాయం వేరు" అన్నాను. రెండు నిమిషాల తరవాత ఆవిడా అదే ఇంగ్లిష్ మాట అన్నారు. నేను "ఆవిడ ఒప్పుకోవట్లేదు" అన్నాను. అక్కణ్ణించి చివరిదాకా ఆయన "వివరించారు", "గుర్తుచేశారు". ఆవిడ "వాదించింది", "పట్టుబట్టింది". కాగితం తీసుకుని లెక్కపెట్టాను. ఆయన పేరు పక్కన 'గారు' 14 సార్లు, ఆవిడ పేరు పక్కన 3 సార్లు. ఆ మూడూ మొదటి పది నిమిషాల్లోనే.

ఇంగ్లిష్‌లో 'హీ' అంటే సరిపోతుంది, మర్యాద సంగతి ఎవరూ అడగరు. మనకి వాడు, అతను, ఆయన, వారు అని మెట్లున్నాయి. నోరు తెరిస్తే మనిషిని ఏదో ఒక మెట్టు మీద నిలబెట్టాల్సిందే. ఆడవాళ్ళ దగ్గర ఇంకో చిక్కు. 'వచ్చింది' అన్న మాట ఆవిడకీ అదే, బస్సుకీ అదే. అందులో అవమానం ఏమీ లేదు, మా అమ్మని 'అమ్మ వచ్చింది' అని కాక ఇంకోలా అనలేను. కానీ 'నాన్న వచ్చాడు' అని మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ అనలేదు. నాన్నగారు వచ్చేవారు.

ఇక్కడికొచ్చి ఊరి అలవాట్లని ఆడిపోసుకునే రకం కాదు నేను. మా పెద్దమ్మ మహిళా రిజర్వేషన్‌లో సర్పంచిగా గెలిచింది. "ప్రెసిడెంటుగారున్నారా?" అని గుమ్మంలోకొచ్చినవాళ్ళు వెతికేది మాత్రం పెదనాన్నని. ఆయన అరుగు మీద కూర్చుని సమస్య వినేవారు, పెద్దమ్మ లోపల్నించి వచ్చి చేతులు తుడుచుకుంటూ సంతకం పెట్టేది. సెలవులకి వెళ్ళినప్పుడు చూసి నవ్వుకునేవాణ్ణి. ఆ అరుగునే మొన్న మన హాల్లో మళ్ళీ వేశాను, అదీ మైకు పట్టుకుని.

మన సంఘం 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ. అలాంటి సంస్థ ఏ అభ్యర్థి వైపూ మొగ్గకూడదని 1954 నుంచీ చట్టంలో ఉంది. అభ్యర్థుల్ని పిలిచి సమానంగా చూస్తే ఫోరం పెట్టుకోవచ్చు. కమిటీవాళ్ళు స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నది అందుకే. స్టేజీ మీద సెకను తేడా రానివ్వలేదు. వెనక వరసలో తెలుగులో ఏం నడుస్తోందో మాత్రం ఎవరూ వినలేదు. ఆ వరసవాళ్ళూ ఓటర్లే కదా! 55 దాటి, గ్రీన్‌కార్డు మీద 15 ఏళ్ళున్నవాళ్ళకి పౌరసత్వానికి ఇంగ్లిష్ పరీక్ష లేదు. సివిక్స్, అంటే ప్రభుత్వం, చరిత్ర గురించిన ప్రశ్నలకి దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబు చెప్పి పౌరులైనవాళ్ళు మనలో ఎంతమంది లేరు?

కమిటీలో ఒకరు ఫోన్ చేసి, "మీరు మరీ సూక్ష్మానికి పోతున్నారండీ. డాక్టరుగారు వయసులో పెద్ద, పదేళ్ళుగా ఎరిగిన మనిషి. గారు దానంతటదే వస్తుంది" అన్నారు. కాదనను. ఇద్దరికీ నిజంగా తేడా కూడా ఉంది. పిల్లల సంఖ్య తేలేదాకా అప్పు వద్దన్నది ఆయన పక్షం. కారుతున్న పైకప్పులకి సరిపడా ఇప్పుడే తెచ్చి, మిగతాది తరవాత చూద్దామన్నది ఆవిడ పక్షం. రెండిట్లోనూ పస ఉంది. ఇందులో ఏది నచ్చి ఎవరికి ఓటేసినా నాకు పేచీ లేదు. పెద్దావిడకి ఈ రెండూ గుర్తులేవు, గొడవపడే అమ్మాయి ఒక్కతే గుర్తుంది.

కమిటీకి నా మనవి. వచ్చే ఫోరంకి దుబాసీ ఎవరైనా సరే, ఒక పేజీ మాటలు ముందే రాసివ్వండి. ఇద్దరికీ గారు, లేదా ఎవరికీ వద్దు. ఇద్దరికీ 'అన్నారు' ఒక్కటే, వివరించడాలూ పట్టుబట్టడాలూ వద్దు. స్టాప్‌వాచ్ చూసే మనిషి పక్కనే హెడ్‌సెట్ పెట్టుకుని వినే మనిషినీ కూర్చోబెట్టండి. నన్ను తప్పుకోమన్నా తప్పుకుంటాను, దయచేసి ఇది మాత్రం చెయ్యండి.

పెద్దావిడ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. "ఆ మాటలు ఆవిడవి కాదండీ, నావి" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "అయితే ఆ అమ్మాయి ఏమందో ఇప్పుడు సరిగ్గా చెప్పు" అన్నారు. పైకప్పుల దగ్గర మొదలుపెట్టాను. పూర్తయ్యేసరికి 20 నిమిషాలు పట్టింది.